బావ గ్యారేజీకి ఐదు బళ్లు

బావ అడిగిన ప్రశ్నకు బళ్ల మేస్త్రీ దగ్గర జవాబు ముప్పై ఏళ్లుగా తయారుగా ఉంది. కానీ ఆ జవాబు అతను ఇవ్వలేదు.

"లోకంలో ఉన్న మోటారుసైకిళ్లన్నిట్లో ఐదంటే ఐదు. ఏవి తెచ్చుకోమంటావ్?" అన్నాడు బావ, కొత్తగా కట్టించిన హాలు మధ్యలో చేతులు చాచి నిలబడి. గచ్చు అద్దంలా మెరుస్తోంది. గోడవారగా ఐదు చెక్క దిమ్మెలు, ఒక్కోదాని నెత్తిన ఒక్కో దీపం. మూలన గాజుబీరువాలో బావ గెలిచిన కప్పులు. "బళ్ల సంగతి నీకు తెలిసినంత ఇంకెవడికి తెలుసురా బామ్మర్దీ!"

మేస్త్రీ ఖాళీ దిమ్మెల వైపు చూస్తూ ఉండిపోయాడు. టీ తెచ్చిన అక్క అతని భుజం మీద ఒక్కటి వేసింది.

"బెల్లం కొట్టిన రాయిలా ఏంట్రా అది? బావ అడుగుతుంటే."

"రాసిస్తా," అన్నాడు మేస్త్రీ.

తన రేకుల షెడ్డుకు వచ్చి, ప్లగ్గులొచ్చిన అట్టపెట్టె చింపి, పెన్సిలుతో రాశాడు. మొదటిది లేతనీలం చిన్నబండి. చేత్తో కిక్కు నొక్కినా లేచి కూర్చునే బండి అది. ఎక్కితే ఈల వేస్తున్నట్టుంటుంది. దాని తర్వాత ఇంకో నాలుగు. ఒక్కోదాని పేరు రాస్తుంటే మొహం వెలిగింది. రాత్రిళ్లు నిద్ర పట్టనప్పుడు మనసులో తుడిచి, వరసగా నిలబెట్టుకున్న బళ్లు అవి. తనకంటూ ఓ గ్యారేజీ ఉంటే అందులో ఉండాల్సినవి.

అంతా రాసి, కాసేపు చూసుకున్నాడు. తర్వాత దాన్ని దాచుకుని, బావకిచ్చేందుకు ఇంకో అట్టముక్క మీద వేరే ఐదు రాశాడు.

ఐదూ పాతవి, ఐదూ అందగత్తెలు, ఐదింటికీ పెద్ద పిస్టను. ఒక్కదానికీ సెల్ఫ్ లేదు. మొండితనంలో ఒకదాన్ని మించింది ఒకటి. అలాంటి బండికి కిక్కు కొట్టడానికి బలం ఒక్కటే చాలదు. ముందు కిక్కుని మెల్లగా నొక్కి, లోపల పిస్టన్ ఎక్కడుందో కాలితో తెలుసుకోవాలి. బిగిసిన చోట హ్యాండిల్ దగ్గరి చిన్న లివర్ పట్టి, కిక్కుని ఒక్క వేలు మందం దాటించాలి. అప్పుడు ఒంటి బరువంతా వేసి, మధ్యలో మనసు మార్చుకోకుండా చివరిదాకా తొక్కాలి. మార్చుకున్నావో, కిక్కు తిరగబడి మోకాలు లేపేస్తుంది.

బావ ఎప్పుడూ మధ్యలో మనసు మార్చుకునేవాడు.

ఊరంతా ఛాంపియన్ అని పిలిచిన మనిషికి బండి స్టార్ట్ చేయడం రాదన్న సంగతి ఇద్దరికే తెలుసు. ఒకరు బావ, రెండోవాడు మేస్త్రీ. రేసు రోజుల్లో బండి కట్టేది మేస్త్రీ. లైన్లో నిలబెట్టే ముందు కిక్కు కొట్టి ఇచ్చేదీ మేస్త్రీయే. ఎక్కి చెయ్యి ఊపడం బావ వంతు.

కలిసి చేసిన చివరి రేసులో బావే బతిమాలాడు. "రూలు కంటే కాస్త పెద్ద పిస్టన్ పెట్టరా. ఏదొచ్చినా నేను చూసుకుంటా." పెట్టాడు. గెలిచారు. రేసులు జరిపించే పెద్దాయన, అందరూ రేసు పెద్ద అనే మనిషి, అనుమానంతో ఇంజను విప్పించాడు. ఆయన బల్ల ముందు నిలబడి బావ తడుముకోకుండా అన్నాడు: "నాకేం తెలుసండీ? బండి వాడు కట్టాడు. నేను ఎక్కి నడిపేవాణ్ణంతే." ఆ రోజు నుంచి మేస్త్రీ రేసు మైదానం గేటు దాటకూడదని సంతకం పడింది. బావ, తోస్తే చాలు లేచే ఇంకొకరి బండెక్కి మరో పదకొండు కప్పులు తెచ్చుకున్నాడు. అప్పటికి అక్క కడుపుతో ఉంది. మేస్త్రీ నోరు మూసుకున్నాడు. మూసిన నోరు అలాగే ఉండిపోయింది.

బావ ఎక్కడెక్కడో వెతికించి ఐదు బళ్లూ తెప్పించాడు. మేస్త్రీ ఎనిమిది నెలలు వాటి మీదే కూర్చున్నాడు. ఒక్క నట్టు వదులుగా బిగించలేదు, ఒక్క తీగ అడ్డదిడ్డంగా లాగలేదు. తప్పు బండి మీదికి పోతే ఈ పగ ఎందుకూ పనికిరాదని అతనికి తెలుసు. బావ రోజూ వచ్చి టాంకులో మొహం చూసుకుని వెళ్లేవాడు. ఎలా స్టార్ట్ చేయాలని ఒక్కరోజూ అడగలేదు. మేస్త్రీ చెప్పలేదు.

గ్యారేజీ తెరిచే రోజు మధ్యాహ్నానికి పాత రేసుగాళ్లు పాతికమంది దిగారు. బట్టతలలు, బొజ్జలు, చేతికర్రలు. రేసు పెద్ద కూడా వచ్చాడు. వయసు తొంభైకి దగ్గరైనా గొంతు మాత్రం తగ్గలేదు.

"బొమ్మల్లా ఉన్నాయయ్యా ఛాంపియన్! వీటి గొంతులు వినిపించవూ?"

బావ మొహంలో నవ్వు అలాగే ఉంది, రంగు మాత్రం దిగింది. "ఈ కొత్త బట్టల్లోనా?"

"బట్టలకేం, మళ్లీ ఉతుక్కోవచ్చు!" అన్నారెవరో. అందరూ చప్పట్లు కొట్టారు.

బావ మొదటి బండి ఎక్కాడు. ఒకటి, రెండు, ఏడు కిక్కులు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. రెండో బండి దగ్గరికి వెళ్లాడు. అదీ కిమ్మనలేదు. మూడోది తిరగబడి తన్నింది. బావ మోకాలు పట్టుకుని దిమ్మె మీద కూలబడ్డాడు.

"పెళ్లానికైనా ఇన్నిసార్లు మొక్కి ఉండవురా!" అని ఓ బట్టతల కేక వేస్తే హాలు గొల్లుమంది.

మేస్త్రీ గోడ పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. బావ ఒక్కసారి ఇటు తిరిగి, "నువ్వు కొట్టరా, ఎప్పుడూ కొట్టేది నువ్వేగా" అంటే చాలు. ఎనిమిది నెలల పనీ, ముప్పై ఏళ్ల మౌనమూ ఆ ఒక్క మాట కోసమే.

బావ తిరిగాడు. వేలు చూపించాడు.

"ఇదుగో, వీడికి అప్పజెప్పాను చూడండి, నాదీ తప్పు. ఒక్క ఇంజనూ సరిగ్గా కట్టలేదు. వీడి సంగతి మీకు తెలిసిందేగా."

హాల్లో నవ్వు ఆగిపోయింది.

మేస్త్రీ లేచాడు. చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. మొదటి బండి కిక్కు మీద పాదం ఆనించి, లోపలి మాట వింటున్నట్టు తల వంచాడు. ఒక్క తొక్కు. బండి గర్జించింది. రెండోది ఒక్క తొక్కు. మూడోది, నాలుగోది, ఐదోది. గాజుబీరువాలో కప్పులు గలగలమన్నాయి. రేసు పెద్ద కర్ర చంకలో పెట్టుకుని నోరు తెరిచి చూస్తున్నాడు.

బావ కుంటుకుంటూ వచ్చి మేస్త్రీ చెవిలో నోరు పెట్టాడు.

"సరేరా, అప్పుడూ ఇప్పుడూ కొట్టేది నువ్వే. నాకు తెలీదా? ఇప్పుడొద్దు, అందరూ వెళ్లాక మాట్లాడుకుందాం."

మేస్త్రీ ఐదు బళ్లూ ఒక్కొక్కటే ఆపాడు. చివరిది ఆగాక హాల్లో పెట్రోలు వాసనా, పాతికమంది ఊపిరీ తప్ప ఏమీ లేవు.

"నా చెవిలో చెప్పింది వీళ్లందరికీ చెప్పు బావా."

బావ అందరి వైపూ తిరిగాడు. "ఆ రోజుల్లో నా బళ్లకి కిక్కు కొట్టింది వీడే."

"ఈ ఐదు ఇంజన్లూ?"

"సరిగ్గానే కట్టాడు."

రేసు పెద్ద కర్రతో గచ్చు మీద కొట్టాడు. "మరి ఆ పిస్టను? దానికేగా నేను సంతకం పెట్టి వీణ్ణి గేటు బయట నిలబెట్టింది!"

బావ తన చెప్పుల వైపు చూస్తూ గొణిగాడు.

"నేనే పెట్టమన్నాను."

అక్క గబగబా వచ్చి తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "చాల్లేరా. నా మొహం చూసైనా వదిలెయ్యి."

"నీ మొహం చూసే ఇన్నాళ్లూ ఊరుకున్నానక్కా," అన్నాడు మేస్త్రీ. ఈసారి ఆమె మొహం చూడలేదు. చెయ్యి విడిపించుకుని బావకి ఎదురుగా నిలబడ్డాడు.

"గట్టిగా చెప్పు బావా. వెనకున్నవాళ్లకి వినపడలేదు."

బావ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మేస్త్రీ అవి చూసి కూడా కదల్లేదు.

బావ రెండోసారి చెప్పాడు. గుమ్మం దగ్గరున్నవాళ్లకు కూడా వినపడింది.