రెండో సీసా

జమ్మలమడుగు నుంచి డాక్టర్ మసరత్ ఫోన్ చేసేసరికి నందిని కూతురి మెడకు కట్టు మారుస్తోంది. జాహ్నవికి నాలుగేళ్లు. మూడు నెలలుగా చెవి కింద గడ్డ. పోయిన వారమే చిన్న ఆపరేషన్ చేసి, పరీక్షకని గడ్డలోంచి రెండు ముక్కలు తీసి సీసాల్లో పెట్టిచ్చారు.

"నందినీ, ఆ సీసాలు ల్యాబుకు తీసుకపోయిందెవరు?"

"మా మామ, మేడమ్. ల్యాబు ఈడ ప్రొద్దుటూరులోనే కదా."

"ఒక ముక్క కుళ్లకుండా ఫార్మలిన్‌లో, ఒకటి క్రిమి బతికుండేలా సెలైన్ ఉప్పునీళ్లలో పెట్టిచ్చినా. రెండింట్లోనూ ఫార్మలినే ఉందంటాండారు. అది పడితే క్రిమి చచ్చిపోతాది. మొదటి సీసా చూస్తే క్షయ మాదిరే ఉంది. కానీ క్షయకు చుట్టాలైన క్రిములు ఇంకా ఉండాయి, వాటికి మందులు వేరు. రెండో సీసా లేకుంటే ఏది అనేది తేలదు."

"మళ్లీ కోయాలా?"

"కోయాల. మిగిలిన గడ్డ నరానికి ఆనుకోనుంది. నరం తెగితే మూతి వంకరపోతాది. అంతకు ముందు ఒకటి చెప్పు. ఇంట్లో ఎవరన్నా శానా దినాలుగా దగ్గుతాండారా?"

కింద నగల కొట్లోంచి మామ బాలకృష్ణయ్య దగ్గు వినిపించింది. దుమ్ము పడదని ఏడాదిగా చెబుతున్న దగ్గు.

నందిని ఫోన్ పెట్టేసి మామ గదిలోకి నడిచింది. నెలనెలా గండి ఆంజనేయస్వామి దర్శనానికని తీసుకెళ్లే సంచీ దులిపింది. ప్రసాదం పొట్లం కింద పులివెందుల డాక్టరు క్షయకు రాసిన చీటీ. దాని వెంట విప్పని మాత్రల అట్టలు. చీటీ మీద తేదీ నిరుటిది.

వాటిని తీసుకుని కొట్లోకి దిగింది. బేరం లేని వేళ. బాలకృష్ణయ్య అట్టలు చూసి తలుపు దగ్గరికి వేశాడు.

"రెండు నెలలు మింగినా అమ్మీ. దగ్గు నెమ్మళించింది. మానేసినా."

"సీసాలో ఏం చేసినావు మామా?"

"సెలైన్ పారబోసి, పక్క సీసాలోది సగం వంచినా. ఫార్మలిన్ రెండో సీసాలో పడగూడదని డాక్టరమ్మే చెప్పె కదా. బిడ్డకు క్షయని తేలితే ఇంటిల్లిపాదినీ పరీక్ష చేస్తారు. నా పేరు బయటికొస్తే ఈ కొట్టు ఎవరెక్కుతారు? ఆడోళ్ల మెడల్లో గొలుసులు పెట్టి చూపించే చెయ్యి ఇది."

"ఆ బిడ్డ ఏడాదిగా నీ ఒళ్లోనే కదా తింటాండేది."

ముసలాయన తల దించుకున్నాడు. "గడ్డే కదా, ఊరికే కరిగిపోతాదనుకున్నా."

నందిని ఏడవలేదు. అక్కడే నిలబడి మసరత్‌కు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పింది.

"ఆయన్ని ల్యాబుకు పంపు. బిడ్డకు వచ్చింది ఆయన నుంచే అయ్యుంటాది. ఆయన దగ్గితే పడే గళ్లలో క్రిమి దొరికితే, ఏ మందుకు లొంగుతాదో దాన్నిబట్టే బిడ్డకూ మందులు మొదలుపెడతాం. కత్తి అక్కర్లేకపోవచ్చు."

ఆ పూటే ల్యాబులో డబ్బా ఇచ్చారు. బాలకృష్ణయ్య ఆరుబయట ఎండలో నిలబడి, పేగులు కదిలేలా దగ్గి అందులో ఉమ్మాడు.

సాయంత్రానికి ఫలితం వచ్చింది. క్షయే. అన్నిటికంటే ముఖ్యమైన మందుకు లొంగని క్షయ. సగంలో మానేసిన మాత్రలే దాన్ని మొండిచేసి ఉంటాయంది మసరత్. కోత తప్పింది. బిడ్డ మింగాల్సినవి మాత్రం ఘాటైన మందులు, నెలల తరబడి. నెలకోసారి రక్తం, గుండె, కళ్లు పరీక్ష చేయించాలి.

"మహీధర్‌కు చెప్తావా?" కొడుకు పేరెత్తి అడిగాడు ముసలాయన.

నందిని మొగుడి నంబరు నొక్కి ఫోన్ ఆయన చేతిలో పెట్టింది.

"నువ్వే చెప్పు."

అవతల మహీధర్ ఎత్తాడు. "ఏంది నందినీ, రిపోర్టు వచ్చిందా?"

బాలకృష్ణయ్య గొంతు సవరించుకోబోయాడు. దగ్గు తెర ముంచుకొచ్చింది.