పాపక్క కాచిన ఆముదం

పాలు చెడింది పాపక్క చేతుల వల్లే. పదకొండేళ్లుగా కాటప్ప ఇంట్లో అది తిరుగులేని మాట. పెళ్లాం పాపక్క చనిపోయి ఏడాది దాటినా ఆయన దాన్ని మార్చలేదు.

పదకొండేళ్ల కిందటి ఆ ఎండాకాలం, వేప చేదు వాసన కొడుతున్నాయని పిక్కిలి ఊరి పాల కేంద్రంలో వాళ్ల పాలు తిప్పి పంపారు. పేడ ఎత్తీ, గడ్డి కోసీ, అంట్లు తోమీ పాపక్క చేతులు నెర్రెలు విచ్చి ఉండేవి. ఆముదాలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి, పైకి తేలిన నూనె తీసి, అందులో వేపాకు కాచి ఆ నెర్రెలకు పూసుకునేది. పాలు పోసేవాళ్లందరి ముందూ కాటప్ప అరిచాడు.

"చేతులకు సింగారం కావాల్సి వచ్చినాదా నీకు? ఇంకొక బొట్టు పూసినావంటే చూడు."

"పితికే ముందర సోపేసి కడుగుతానయ్యా."

"వద్దంటే వద్దు."

ఆమె పూసుకోవడం మానేసింది. కాచడం మానలేదు. ఆయన మడమల పగుళ్లకు గుడ్డముక్కతో తనే పూసేది. పసిబిడ్డ నివేదితకు కోడలి చేత పూయించేది. తను మాత్రం మనవరాలిని ఎత్తుకునేది కాదు. చేతి వెనకవైపుతో బుగ్గ తాకి ఊరుకునేది. రాతిగుండెదని కాటప్ప ఎన్నిసార్లు అన్నాడో.

ఇప్పుడు పితికేది ఆయనే. ఈ ఎండాకాలం మేత చాలక వేపకొమ్మలు నరికి ఆవుకు వేశాడు. మూడో నాడు పాలు తిరిగొచ్చాయి. కేంద్రంలో పాలు కొలిచే శివలింగం నవ్వాడు.

"ఏం మామా, ఆవుకు వేపాకు మేపితివా? రెండు నాళ్లు ఆపు, సరిపోతాది."

పాపక్క మీద అరిచిన ఆ ఏడాదీ మేత లేదు. ఆ ఏడాదీ కొమ్మలు నరికి ఆవుకు వేసింది తనే.

ఇంటికొచ్చాక కోడలు తనుజ పగిలిన ఆయన చేతులు చూసి, అటక మీది చిన్న మట్టి గురిగి దించింది.

"అత్త కాచింది. అడుగున ఇంత ఉండాది. పూసుకోండి మామా, తోలు మెత్తబడతాది." మూత తీస్తూ అంది, "పాపను ఎత్తుకోవేమత్తా అని ఒకనాడు అడిగినాను. 'నా చేతులకు బిడ్డ ఒళ్లు గీరుకుంటాదమ్మా' అనింది."

కాటప్ప గురిగిలో ముంచబోయిన వేలు ఆగింది. బడి నుంచి వచ్చిన నివేదిత తిరిగొచ్చిన పాలు చూసింది.

"ఏం తాతా, నువ్వూ అవ్వ మాదిరి నూనె పూసుకున్నావా?"

ఆ మాట పిల్లకు నేర్పింది ఆయనే.

"నూనె కాదు. వేపాకు. నేనేసింది." ఆయన వేలు వెనక్కి తీసుకున్నాడు. "అప్పుడూ నేనే."

తనుజ గురిగిని ఆయన ముందుకు జరిపింది.

"అత్తను అన్నది అందరి ముందర కదా మామా. ఇదీ అక్కడే చెప్పండి."

ఆయన గురిగికి మూత పెట్టి ఆమె చేతికిచ్చాడు. నూనె పూయని ఆ పగిలిన చేతులతోనే పాలచెంబు అందుకున్నాడు.

"చెప్పను. ఇంక ఆమె చేతుల వల్లే అనే మాట నేనెత్తను. మీరూ ఎత్తొద్దు."