శిరీష గ్లాసులో పచ్చిమిరపకాయ

నిమ్మతొక్క తెగకుండా పొడుగ్గా తీయమన్నాడు మా ఆయన విఘ్నేష్. పత్తి బేరం మీద బెంగళూరు వెళ్లి తెచ్చిన జిన్ అనే మందు సీసా మిద్దె మీది గదిలో ఉంది. చుట్టూ మూడు కుర్చీలు. ఆయనకొకటి, ఎమ్మిగనూరు నుంచి వచ్చిన స్నేహితుడు రమేష్‌కొకటి, రమేష్ భార్య శిరీషకొకటి. నాకు మెట్లున్నాయి, ఎక్కడానికీ దిగడానికీ.

నేను పళ్లెంతో వెళ్లేసరికి శిరీషకు పాఠం నడుస్తోంది. ఆ జిన్‌ను చిన్న బట్టీలో కాస్తారట. జూనిపర్ అనే కాయలు, ధనియాలు, యాలకులు, నారింజ తొక్క వేస్తారట. గుటుక్కున మింగకూడదట, ముందు వాసన చూసి, నాలుక మీద కాసేపు నిలపాలట. ఆమె కళ్లు మూసుకుని ధనియాలు తెలుస్తున్నాయంది. ఆయన మురిసిపోయాడు. నాకు ఒళ్లు మండింది. ఈ ఆదోని ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి ధనియాలు వేయించి పొడి కొడుతున్నాను. చారులో అవి ఉన్నాయని ఆయన నాలుకకు ఏ పూటా తెలియలేదు. పోయిన నెల నాకూ కాస్త వాసన చూపించమంటే, "నీకేం తెలుస్తాది పో, ఐసు తీసుకురా," అన్నాడు. ఆ మందు గ్లాసులు వంటింటి గడప దాటి లోపలికి రాకూడదని మా అత్తగారు ఉమాదేవి ఆజ్ఞ. పెరట్లో కొళాయి దగ్గర వాటిని తోమేది మాత్రం నేనే. నా కుళ్లు శిరీష అందం మీద కాదు. ఆమెతో మాట్లాడేటప్పుడు ఆయన గొంతులో వచ్చే ఆ ఓపిక మీద, ఆమె కూర్చున్న కుర్చీ మీద.

ఈసారి నిమ్మరసం తెమ్మన్నారు. శిరీష వాటాలో పచ్చిమిరపకాయ, కరివేపాకు, ఉప్పురాయి కచ్చాపచ్చాగా దంచి కలిపాను. దగ్గుతూ లేచిపోవాలి, అంతే నా కోరిక. ఆమె గ్లాసులో నేనే వంచి, గుమ్మం దగ్గర నిలబడ్డాను.

ఆమె దగ్గలేదు. ఇంకో గుక్క తాగింది. "ఇంత బాగా యాడా తాగలేదు. ఎవరిదప్పా ఈ ఐడియా?" అంది.

మా ఆయన ఆ గ్లాసు అందుకుని రుచి చూశాడు. నా వైపు చూడకుండానే, "నాదే. చెప్పి చేయించినా," అన్నాడు. అందరికీ అట్లే కలపమని నాకు పురమాయించాడు.

కిందికి వెళ్లి ఈసారి ఎక్కువే దంచాను. వంటింట్లోని నా స్టీలు గ్లాసు, అత్తగారి ప్లాస్టిక్ కుర్చీ కూడా పైకి మోసుకొచ్చాను. శిరీష పక్కన వేసుకుని కూర్చున్నాను. సీసా తీసుకుని నాకు నేనే పోసుకున్నాను. ధనియాలు నాకూ తెలిశాయి.

"మీరు చెప్పి చేయించిందే కదా," అన్నాను ఆయనతో. "దీంట్లో ఏమేం వేసినానో చెప్పండి. అంతవరకూ నేను తాగుతాంటా."