ఫోటోలో గుండ్రాయి

రుబ్బురోట్లో మిగిలిన కొబ్బరి పచ్చడిని చివరి పిసరు దాకా వేళ్లతో తీసి గిన్నెలో వేసి, క్యాథరిన్ గుండ్రాయిని రెండు చేతులా పైకెత్తి కడిగింది. బంగారు గనుల ఊరు ఆండర్సన్‌పేటలో ఆమె వాకిట్లో ఇడ్లీలు కొనేవాళ్లలో సగం మంది ఆ పచ్చడి కోసమే వస్తారు. ఇంట్లో మిక్సీ ఉంది. పచ్చడి మాత్రం రోట్లోనే. పెళ్లప్పుడు తల్లి ఇచ్చిన ఆ నల్లరాయి అరిగి అరిగి కోడిగుడ్డంత నునుపు తేలింది. దాన్ని తిప్పీ తిప్పీ ఆమె కుడి భుజం ఎడమ భుజం కంటే కాస్త కిందికి దిగింది. రాయీ మనిషీ ఒకరినొకరు అరగదీసుకున్నారు.

రాయి తుడుస్తూనే ఆమె గోడవారగా ఉన్న తొట్లెను మరోసారి చూసుకుంది. ఫోన్‌లో దాన్ని అమ్మకానికి పెట్టింది. ఈ రోజు టేకల్ నుంచి ఎవరో చూడడానికి వస్తామన్నారు.

ఆ తొట్లె ఆమె భర్త ఆర్థర్ చేసినది. గనిలో దుంగలు నిలబెట్టడం అతని పని. నేలలోపల పైకప్పు మనుషుల మీద కూలకుండా కర్రకు కర్ర బిగించడమే అతనికి తెలిసిన విద్య. కొడుకు గాడ్విన్ పుట్టినప్పుడు ఆ విద్యతోనే ఒక్క మేకైనా కొట్టకుండా, కీలుకు కీలు తొడిగి ఈ టేకు తొట్లెను నిలబెట్టాడు. గాడ్విన్ తరువాత ఇరుగుపొరుగు పిల్లలూ, చివరికి గాడ్విన్ కూతురూ అందులోనే నిద్రపోయారు. ఇప్పుడు ఆ పిల్ల బడికి పోతోంది. చిన్న ఇల్లు, చెమ్మ గోడలు. ఉంచుకుంటే తొట్లె చెదల పాలవుతుంది, ఇచ్చేస్తే ఒక బిడ్డ పాలవుతుంది. అందుకే అమ్మకం.

అయితే ఎలా అమ్మాలో ఆమెకు ఒక పంతం ఉంది. గనులు మూతపడ్డాక ఇళ్లలోని పనిముట్లన్నీ తూకానికి పోయాయి. ఆర్థర్ జబ్బుపడిన ఏడు అతని రంపాలూ ఉలులూ కూడా పాతసామాను అంగడి తక్కెడ ఎక్కాయి. చేతిపట్టుకు అరిగిన ఉలిపిడిని ఎవరూ చూడలేదు, ఇనుము ఎన్ని కిలోలని మాత్రం అడిగారు. ఆ పూట ఆర్థర్ అన్నం ముందు నుంచి లేచిపోయాడు. కొద్ది నెలలకు లోకం నుంచే లేచిపోయాడు. అతని చేతిపనిలో మిగిలింది ఈ తొట్లె ఒక్కటే. దీనికి పనితనపు ధర రావాలి.

ఫోటో తీసిన రోజున కోడలు జూలియా, "ఊరికే నిలబెడితే ఎవరు కొంటారు అత్తా? ఊపండి, ఊగేటట్ల తీస్తాను," అంది.

"ఖాళీ తొట్లె ఊపగూడదమ్మా," అని క్యాథరిన్ గుండ్రాయిని తెచ్చి తొట్లెలో పాత తువ్వాలు మీద పడుకోబెట్టింది.

"కిరస్తానం ఇంట్లో హిందువుల మాదిరి తొట్లెలో గుండేంది అత్తా? చర్చిలో తెలిస్తే నవ్వుతారు!"

"ఏసుసామిని పండబెట్టిన పశువుల తొట్టిలో గూడా గడ్డి పరిచినారు. దాన్నే ఖాళీగా పెట్టలేదు, దీన్ని పెడతానా?"

జూలియా నవ్వు ఆపుకోలేక ఫోటో వణికింది. మళ్లీ తీయాల్సి వచ్చింది.

ఆరు వేలని పెట్టారు. "లాస్ట్ ఎంత?" అని కొందరు, "ఇంతకు కొత్తదే వస్తుంది" అని కొందరు రాశారు. ఒకడు, "కట్టె ఎన్ని కిలోలు ఉంటుంది?" అని అడిగాడు. క్యాథరిన్ ఫోన్ బోర్లా పెట్టి, ఇడ్లీ రేకును అవసరమైన దానికంటే గట్టిగా తోమింది.

మధ్యాహ్నం లగేజి ఆటో వచ్చి ఆగింది. దిగినవాడి పేరు మునీంద్ర. టేకల్‌లో నాలుగు పాడి ఆవులున్న రైతు. తొట్లె పక్కన గొంతుక్కూర్చుని కీళ్లు ఒక్కొక్కటే వేలితో తడిమి చూశాడు.

"యాడ చేయించినారమ్మా?"

"చేయించలేదు. మా ఇంటాయన చేసినాడు."

"పని బాగుండాది. అయినా పాతది గదా, సొల్పం చూసి చెప్పండి. నాలుగున్నరకి ఇచ్చేయండి."

"పాతదే నాయనా. కొత్త తొట్లెలో ఎవరు పండుకున్నారని చెప్తావు? దీంట్లో పండుకున్న బిడ్డలందరూ బతికి ఉండారు. ఒకడు నరసాపురం ఫ్యాక్టరీలో బండ్లు బిగిస్తా ఉండాడు. ఆరు వేలు. రూపాయి తగ్గేది లేదు."

మునీంద్ర చెయ్యి తొట్లె అంచు మీదే ఉండిపోయింది. "ముందు పుట్టినోడు మాకు దక్కలేదమ్మా," అన్నాడు మెల్లగా. "ఇప్పుడు ఆడబిడ్డ. ఆదివారం తొట్లెలో వేస్తాము."

మరి బేరమాడలేదు. ఆరు వేలూ ఇచ్చి, తొట్లెను ఆటో ఎక్కించి, తాడు కట్టాడు. కట్టాక మళ్లీ వాకిట్లోకి వచ్చి మెడ గోక్కుంటూ నిలబడ్డాడు.

"ఇంగ గుండు యాడుండాదమ్మా?"

"ఏ గుండు?"

అతను ఫోన్ తీసి చూపించాడు. "ఇదో. ఫోటోలో ఉండేదంతా కలిపే రేటు అనుకున్నాము."

"ఓరి నాయనా! అది నా పచ్చడి గుండప్పా! రేపు నా గిరాకీలకి ఏమి పెట్టేది, నీ ఫోటోనా?"

మునీంద్ర నవ్వాడు, కానీ కదల్లేదు. "మా ఇంటామె అర్పిత ఫోన్‌లో ఎన్నో తొట్లెలు చూసిందమ్మా. అన్నీ ఖాళీవే. ఇదొక్కటే ఖాళీగా లేదు, ఎంతైనా ఇదే తెమ్మనింది. సరేలేండి, నేను చెప్పుకుంటాను."

క్యాథరిన్ చేతిలోని నోట్ల వైపు చూసింది. ఆర్థర్ బిగించిన కీళ్లు ఫోటోలో ఎవరికీ కనబడలేదు. రాయి కనబడింది, రాయిని చూసి మనిషి వచ్చాడు, మనిషి వచ్చాకే కీళ్లకు విలువ దక్కింది. ఆమె లోపలికి నడిచి, గుండ్రాయిని ఎత్తి, కొంగుతో తడి ఒత్తింది. పాత తువ్వాల్లో చుట్టి, తానే ఆటో దాకా మోసి తొట్లెలో పడుకోబెట్టింది.

"చూపించినాను గదా. చూపించింది ఇయ్యాల్సిందే."

"దీనికెంత ఇమ్మంటారు?"

"దీనికి రేటు లేదు. ఆదివారం నాడు మొదట దీన్ని ఊపి, తీసేసి, ఆమీద బిడ్డను వెయ్యండి. గుండు మాదిరి నిలుస్తుంది."

ఆటో గుంతల రోడ్డు మీద మలుపు తిరిగే దాకా ఆమె వాకిట్లోనే నిలబడింది. తొట్లె ఊగుతూ పోయింది, ఖాళీగా మాత్రం పోలేదు.

సాయంత్రం కంపెనీ బస్సు దిగి వచ్చిన జూలియా గుమ్మంలోనే అడిగింది: "ఎంతకు పోయింది అత్తా?"

"అడిగినంతకు." పక్కింటికి కూడా వినిపించేటట్టే చెప్పింది క్యాథరిన్. "మీ మామ పనికి ఆరు వేలు. తక్కెడ ముఖం చూడకుండా పోయింది."

చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయిన జూలియా అక్కడే ఆగిపోయింది. "గుండు యాడ అత్తా?"

"అదీ పోయింది. రేపు మిక్సీ పచ్చడే."

"బాగలేదంటారు."

"అననీ. ఇన్నేళ్లూ ఏది బాగుండిందో అప్పుడు తెలుస్తాది."

దీపం పెట్టే వేళకు ఆమె పెరట్లో ఖాళీగా ఉన్న రోటిని చూసి వచ్చి, రాగుల డబ్బా తెరిచి గుప్పిట నింపుకుని మళ్లీ పెరట్లోకి వెళ్లింది. జూలియా తలుపు వేసేసరికి, రాయి లేని రోటి గుంటలో గుప్పెడు రాగులున్నాయి.