పెదవుల మీది మాట

ఐదో మగ్గం ఆగిపోయినట్టు సోమలింగం అరికాళ్ళకు తెలిసింది. అతని చెవులు ఎప్పుడో పోయాయి. సూరత్ పవర్‌లూమ్ షెడ్డులో ముప్పై ఏళ్ళు, పన్నెండేసి గంటల డ్యూటీ, ఎనిమిదేసి మగ్గాలు. ఆ మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు కనుక అక్కడ అందరూ పెదవులు చూసే మాట్లాడుకుంటారు. ఆ విద్యలో సోమలింగం దిట్ట. షెడ్డు ఆ చివర సేటు గొణుక్కునే తిట్టు కూడా పట్టేసి తనలో తాను నవ్వుకుంటాడు. బయట అతన్ని చెవిటాయన అంటారు. అదీ అతనికి కనిపిస్తుంది.

తెగిన పోగును ముడేసి మగ్గం నడిపాడు. నాలుగింటికే వెళ్ళిపోతానని పొద్దున్నే సేటును అడిగిపెట్టుకున్నాడు. సాయంత్రం బండికి కూతురు సంధ్యారాణి ముంబై పోతోంది. బట్టలు ఎగుమతి చేసే కంపెనీలో ఉద్యోగం, మెక్సికో వ్యాపారులతో స్పానిష్‌లో మాట్లాడాలి. సంతోషమే. కానీ ఫోన్‌లో ఆమె గొంతు అతనికి వినపడదు. వీడియోలో పెదవులు ఆగి ఆగి కదులుతాయి, సగం మాట కూడా అందదు. ఇవాళ్టి తర్వాత బిడ్డ మాట తనకు చేరేది ఆమె ఎదురుగా ఉన్నప్పుడే.

ఆమె ఆ భాష నేర్చుకున్నది ఫోన్‌లోనే, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని. తప్పులు దిద్దింది మాత్రం సోమలింగం. నమ్మరు గానీ నిజం. ఫోన్‌లో టీచరమ్మ మూతి చూసేవాడు, తర్వాత కూతురి మూతి చూసేవాడు. "టీచరమ్మది గిట్ల లేదు బిడ్డా, జర గుండ్రంగ" అనేవాడు. ఈ పొద్దున కూడా చాయ్ తాగుతూ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. రోజుకో ఇంగ్లీషు మాటకు స్పానిష్‌లో ఏమంటారో ఆమె చెబుతుంది. ఇవాళ్టి మాట 'లైట్'.

"బాపు, ఎలిగే లైటుకు లూస్. బరువు లేని లైట్ చీరకు లిహేరో. లైట్ రంగుకు క్లారో. దీపం ముట్టిచ్చుడుకు ఎన్‌సెందేర్."

సోమలింగం గ్లాసు కింద పెట్టేశాడు. లైట్ కలర్, లైట్ వెయిట్, ట్యూబు లైటు, షెడ్డులో రోజూ నలిగే మాటలే. అన్నింటికీ పెదవి ఒక్కలాగే కదులుతుంది. ఇప్పుడు బిడ్డ ముఖం మీద ఒక్కోటీ ఒక్కో తీరుగా విచ్చుకుంది. ఒకటి సున్నా చుట్టింది, ఒకటి నోరంతా తెరిచింది. ఎక్కడో సముద్రాల అవతలి మనుషులు వెలుగునీ తేలికనీ లేతరంగునీ విడివిడిగా చూసి, దేని పేరు దానికి పెట్టుకున్నారు. మనవాళ్ళూ అదే చేశారు కదా అని అప్పుడు తట్టింది. ఊరూ పేరూ తెలియని ఆ జనంతో ఏదో చుట్టరికం ఉన్నట్టనిపించి అతనికి ఒళ్ళు జలదరించింది.

"మళ్ళొకపారి చెప్పు బిడ్డా."

"ఎన్నిసార్లు బాపు? డ్యూటీకి లేట్ అయితది, చలో."

"కానియ్యి. చెప్పు."

నాలుగుసార్లు చెప్పించుకుని గానీ లేవలేదు.

నాలుగింటికి డ్యూటీ దిగి, జుట్టునిండా నూలు నలుసులతోనే స్టేషన్ చేరాడు. భార్య భూదేవి, సంధ్య ఒక బెంచీ దగ్గర కనిపించారు. అంతలోనే బండి వచ్చింది. సంధ్యనూ సామాన్నూ ఎక్కించి అతను దిగగానే తలుపు మూసుకుపోయింది. ఏసీ పెట్టె, తెరుచుకోని అద్దం. ప్లాట్‌ఫారం మీద జనం అద్దాలకేసి అరుస్తున్నారు, లోపలివాళ్ళు వినపడటం లేదని చేతులు ఊపుతున్నారు. సంధ్య అరవలేదు. ముఖం అద్దానికి దగ్గరగా పెట్టి, తండ్రినే చూస్తూ పెదవులు కదిలించింది.

భూదేవి అతని భుజం పట్టి తనవైపు తిప్పుకుంది. "ఏందయ్యా, ఏమంటుంది పిల్ల?"

"మంచిగుంటనంటుంది."

సంధ్య అన్నది అది కాదు. "బాపు, నాకు భయమైతంది" అంది. ఇన్నాళ్ళూ ఇంట్లో ఎవరి ముందూ బయటపెట్టని మాటను ఇంత జనం మధ్య తనొక్కడికే అందించింది. అతని గుండె నిండిపోయింది. గొంతు పెగల్చకుండా పెదవులతోనే జవాబిచ్చాడు: "నాకు గూడ, బిడ్డా."

సంధ్య కళ్ళు తుడుచుకుని నవ్వింది. ఆమెకూ పెదవులు చదవడం వచ్చని అతనికి అప్పుడే తెలిసింది.

బండి కదిలింది. చివరి పెట్టె కనుమరుగయ్యేదాకా చూసి ఇద్దరూ వెనక్కి తిరిగారు. బెంచీ మీద సంధ్య ఇయర్‌ఫోన్లు ఉండిపోయాయి, సన్నని తెల్ల వైరు మూడు చోట్ల చిక్కుపడి.