రేపు అని రాసిన పేజీ

సౌజన్య పెళ్లయి బీర్కూర్ వచ్చి రెండేళ్లయింది. ఆమె భర్త భూమేశ్‌కు వరికోత మిషన్ ఉంది. యాసంగి కోతలు మొదలైతే ఆ ఇంట్లో ఫోను మోగని గడియ ఉండదు. "మిషన్ ఏడుంది?" "మా దిక్కు ఎన్నడొస్తది?" అందరూ అడిగేది అదే. మిషన్ మోతలో భూమేశ్‌కు ఫోను వినబడదు కాబట్టి అందరూ సౌజన్యకే చేసేవాళ్లు. చెప్పిందే చెప్పి సాయంత్రానికి ఆమె గొంతు బొంగురుపోయేది.

ఈ ఏడు కోతలకు ముందు ఆమెకు ఒక సంగతి తెలిసింది. బాన్సువాడ బస్టాండు దగ్గర, మందుల దుకాణం పైనున్న కంప్యూటర్ సెంటర్లో వెబ్ పేజీలు తయారుచేయడం నేర్పుతున్నారట. మిషన్ ఎక్కడుందో ఒక పేజీలో రాసిపెడితే ఎవరి ఫోన్లో వాళ్లే చూసుకుంటారు కదా అనిపించింది. భయపడుతూనే అత్త గంగమణిని అడిగింది.

"పో మరి," అంది గంగమణి. "పొద్దుగాల బస్సుకు పోయి బువ్వ యాళ్లకు రా. వంట నేను జూస్త."

సెంటర్లో నేర్పే అమ్మాయి పేరు సహజ. సౌజన్య కంటే చిన్నది. మొదటి రోజే అందరిచేత నోట్‌ప్యాడ్ తెరిపించి, ఎవరి పేరు వాళ్లను రాయమంది. పేరుకు ముందొక ట్యాగు, అంటే బ్రౌజర్‌కు చెప్పే గుర్తు, వెనుకొక ట్యాగు. మామూలు అక్షరాలకు ఒక రకం ట్యాగు, శీర్షికకు మరో రకం. రాసింది సేవ్ చేసి బ్రౌజర్లో తెరవాలి. సౌజన్య తన పేరు తెలుగులో రాసి తెరిచింది. తెర మీద ఆమె పేరు లేదు. నెత్తిన గీతలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, నడుమ చిన్న చిన్న సున్నాలు బారులు తీరి ఉన్నాయి.

"మేడం, నా కంప్యూటర్ ఖరాబైనట్టుంది," అంది భయంగా.

సహజ వచ్చి చూసి నవ్వింది. "ఖరాబు గాలేదక్కా. నీ అక్షరాలు ఎట్ల చదవాలనో నువ్వు బ్రౌజర్‌కు చెప్పలే, గంతే." పేజీ మొదట్లో ఒక లైను చేర్పించి, మళ్లీ తెరవమంది.

తెర నిండా 'సౌజన్య'. పెళ్లికార్డు మీద కూడా తన పేరు అంత పెద్దగా పడలేదు. ఆమె కాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. తర్వాత రంగు మార్చింది. పసుపు వేసింది, తీసేసింది, ఆకుపచ్చ వేసింది. తను రాసిన ప్రతి ముక్కకూ తెర మారుతోంది. తొలిసారి సైకిల్ మీద ఎవరూ పట్టుకోకుండా వెళ్లిన రోజు కలిగిన సంతోషం లాంటిదేదో ఆమెకు ఒళ్లంతా పాకింది. మర్నాడు శీర్షిక ట్యాగు మూయడం మరిచిపోతే పేజీ మొత్తం పెద్ద అక్షరాలైపోయింది. అదీ ఆమెకు ఆనందంగానే ఉంది. తప్పు ఎక్కడుందో తనే వెతికి పట్టుకుంది మరి.

కోతలు మొదలయ్యేనాటికి పేజీ తయారైంది. పైన 'భూమేశ్ వరికోత మిషన్', కింద మిషన్ ఇప్పుడున్న ఊరు, ఆ కింద తర్వాత వెళ్లే ఊరు. సహజ దాన్ని ఇంటర్నెట్లో పెట్టించి, ఫోన్లోనే ఎలా మార్చుకోవాలో చూపించింది. సౌజన్య లింకును రైతులందరికీ పంపింది. గంగమణి ఫోను దూరంగా పట్టుకుని చూసింది.

"గిది పిట్లంల ఉన్నోళ్లకు గూడ కనబడ్తదా?"

"ఎక్కడున్నోళ్లకైనా కనబడ్తది అత్తమ్మా."

"అట్లయితే మిషన్ బొమ్మ వెట్టు. ఉత్త అక్షరాలేం అందం?"

సౌజన్య బొమ్మ పెట్టింది. వారం తిరిగేసరికి ఫోన్లు బాగా తగ్గాయి. భూమేశ్ అన్నం తింటూ, "దారిలెవరో ఆపి, మీ పేజీ మంచిగున్నదన్నరు," అన్నాడు. ఆ మాటకు సౌజన్య ఆ పూటంతా నవ్వుమొహంతోనే తిరిగింది.

ఒకరోజు ఆమె క్లాసులో ఉండగా ఫోను మోగింది. పెద్ద కొడప్‌గల్ దగ్గరి తండా రైతు లచ్చిరాం.

"మిషన్ వచ్చి పోయిందట గద బిడ్డా. పొద్దుగాల నీ పేజీ జూస్తే రేపు అని ఉండె. రేపే గదా అని నేను వేరే ఊరికి పోయిన. మొగులు జూస్తే నల్లగున్నది. నా వరి ఏం గావాలె?"

సౌజన్య గబగబా పేజీ తెరిచింది. 'రేపు పెద్ద కొడప్‌గల్.' అది నిన్న రాసింది. తెల్లారాక మార్చడం మరిచిపోయింది. నిన్నటి రేపు ఇవాళయిందని పేజీకి తెలియదు. ఎప్పుడు చూసినా అది రేపు అనే చెబుతుంది.

భూమేశ్‌కు ఫోన్ చేసింది. అదృష్టం, ఎత్తాడు. మిషన్ బీర్కూర్‌కు వస్తూ పిట్లం రోడ్డెక్కిందట.

"వెనుకకు మల్లుండ్రి. లచ్చిరాం కాకది కోసినంకనే రాండ్రి."

"బీర్కూరోళ్లు ఎదురుచూస్తున్నరు."

"వాళ్లకు నేను చెప్త. తప్పు నాది."

భూమేశ్ "సరే తీ," అన్నాడు. ఆమె బీర్కూర్ రైతుకు ఫోన్ చేసి జరిగింది చెప్పి, ఒక్కరోజు ఆగమని బతిమాలింది. అతని పొలం ఇంకా కొంచెం పచ్చిగానే ఉంది కాబట్టి ఒప్పుకున్నాడు.

"నేను తండాకు పోత," అంది సహజతో. "మొకం చూపించకుంటే మంచిగుండదు."

"బస్సెప్పుడొస్తదో ఏమో. ఎక్కక్కా," అని సహజ స్కూటీ తీసింది.

వాళ్లు వెళ్లేసరికి మిషన్ మడిలో దిగి ఉంది. ఆకాశం పడమటి వైపు నల్లబడి, గాలి లేచింది. లచ్చిరాం ఆమె వైపు చూడలేదు. ట్రాలీలోకి వడ్లు పడుతుంటే అటే చూస్తున్నాడు. చివరి మడి కోయగానే అందరూ కలిసి ట్రాలీ మీద టార్పాలిన్ లాగి కట్టారు. సౌజన్య, సహజ చెరో కొస పట్టుకున్నారు. తండాలోకి చేరీచేరకముందే వాన దబదబా దంచింది.

లచ్చిరాం ఇంటి వసారాలో అందరూ తడిసి నిలబడ్డారు. వడ్లు మాత్రం తడవలేదు. లచ్చిరాం భార్య భీమ్లి చాయ్ తెచ్చింది. సౌజన్య గోడకు ఆనుకుని ఫోన్లో పేజీ సరిచేయడం మొదలుపెట్టింది. 'రేపు' అన్న మాట తీసేసి వారం, తేదీ రాసింది. పేజీ చివరిసారి ఎప్పుడు మార్చిందీ కింద చేర్చింది.

లచ్చిరాం వెనుక నిలబడి చూస్తున్నాడు. "ఏంది గవన్ని గుర్తులు?"

"వీటితోనే పేజీ తయారైతది కాకా. మనం గిక్కడ రాస్తే గక్కడ కనబడ్తది."

అతను తెర మీద ఊరి పేరును వేలితో చూపించాడు. "ఎవరు రాసినా పెద్ద కొడప్‌గల్ అనే రాస్తరు. మా తండా పేరు ఏడ రాయరు," అన్నాడు.

సౌజన్య వెంటనే మిషన్ ఇప్పుడున్న ఊరి చోట 'గోప్యా తండా' అని రాసి సేవ్ చేసింది. "ఇగ నీ ఫోన్ల పేజీ కిందికి గుంజు కాకా."

లచ్చిరాం తడి వేలును చొక్కాకు తుడుచుకుని తెర మీద కిందికి లాగాడు. పేజీ ఒకసారి తెల్లబడి మళ్లీ వచ్చింది. అతను కళ్లు చిట్లించి చూశాడు, నవ్వు ఆగలేదు. "ఓ భీమ్లీ, గిటు రా," అంటూ లోపలికి నడిచాడు. భీమ్లి ఫోను అందుకుని, ఎప్పుడో నేర్చుకున్న అక్షరాలను కూడబలుక్కుంటూ, వాన చప్పుడును మించి పైకి చదివింది. "గో... ప్యా... తం... డా."