గులాబీకి కటింగ్

మా ఆయనది కటింగ్ షాపు. మూడు కుర్చీలు, నాలుగు అద్దాలు. నాలుగోది ఎందుకో నాకు నేటికీ తెలియదు. రెండు నెలల కిందట ఆసుపత్రిలో మామగారికి ఈయన గడ్డం గీస్తుండగా, సరిగ్గా సగంలో, పెద్దాయన పోయారు. మిగతా సగం గీయడానికి ఈయనకు చేయి రాలేదు. పెద్దాయనను అలాగే సాగనంపాం. ఆనాటి నుంచి ఎవరి తల ముట్టుకున్నా మా ఆయన చేయి వణుకుతోంది. షాపు మూతపడింది.

డాక్టరమ్మ మందులేమీ రాయలేదు. "గులాబీ మొక్క పెంచండి. మట్టిలో చేతులు పెడితే మనసు కుదుటపడుతుంది. అదే ధ్యానం, అదే వైద్యం. మొగ్గ వేసిందంటే చేయి నిలిచినట్టే," అంది. మాత్రలిస్తే కిటికీలోంచి పారేసే మనిషి కాబట్టి, సరేనన్నాను.

మర్నాడు చూద్దును కదా, కుండీ షాపు కుర్చీలో కూర్చుని ఉంది. మొక్కకు తెల్ల గుడ్డ చుట్టి, కత్తెర గాలిలో రెండుసార్లు ఆడించి, "కిందటిసారి ఎక్కడ చేయించారండీ? అంతా ఎగుడుదిగుడుగా ఉంది," అని ఈయన గులాబీని అడుగుతున్నారు. చేయి ఇసుమంతైనా వణకడం లేదు.

"పెంచమన్నారండీ, తగ్గించమనలేదు!" అన్నాను.

"పెరిగినదాన్ని చూస్తూ ఎలా ఊరుకుంటానే? ముప్ఫై ఏళ్ళ అలవాటు."

మొగ్గ వేసిన రోజు ఇంకా ఘోరం. దువ్వెనకు అడ్డొచ్చిందని దాన్ని చటుక్కున కత్తిరించి, కొమ్మలు దులిపి, పౌడరు అద్దారు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికెవడో. నేలమీద ఆ మొగ్గను చూసి నాకు ఏడుపొచ్చింది.

ఈ సంగతి వీధంతా పాకింది. ఎదురింటి టీచరు తన క్రోటన్ తెచ్చింది. బ్యాంకు గుమాస్తా నిమ్మ మొక్క తెచ్చాడు. వారం తిరిగేసరికి బెంచీ నిండా కుండీలు, వాటి పక్కన పేపరు చదువుకుంటూ జనం. ఇక్కడ కూర్చుంటే బీపీ దిగుతోందని గుమాస్తా అందరికీ చెప్పాడు. వీధిలో మొక్కలన్నీ పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి, మనుషులు మాత్రం జుట్టు చెవుల కిందకు వేలాడేసుకుని తిరుగుతున్నారు. చివరకు డాక్టరమ్మ కూడా ఒక కుండీ చంకనెత్తుకొచ్చి, "చూశారా తోటపని మహిమ! చెవుల దగ్గర కాస్త తగ్గించండి," అంది.

ఒకరోజు గుమాస్తా నిమ్మ మొక్కను దించి, తాను కూర్చున్నాడు. కత్తెర అతని చెవి దాకా వెళ్ళి, గడగడలాడి, కింద పడింది. మా ఆయన లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడ్డారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఈయన ఏడవడం అదే మొదటిసారి చూశాను.

మర్నాడు పొద్దున పెద్ద సిమెంటు తొట్టిని షాపులోకి ఈడ్చి, మట్టి నింపి, మోకాళ్ళ దాకా అందులో దిగి నిలబడ్డాను. చెంబుడు నీళ్ళు కూడా పోసుకున్నాను.

"ఏంటే ఇది?"

"మొక్కనండీ. కటింగ్‌కొచ్చాను."

"నా క్రోటన్ ముందొచ్చింది," అంది టీచరు. దాని పని అయ్యేదాకా ఆగాను.

ఈయన నా చుట్టూ ఒకసారి తిరిగి, గుడ్డ కప్పి, "ఎండలో ఉంటారా, నీడలోనా?" అని అడిగారు.

"మీ ఇంట్లోనే ఉంటానండీ."

నా జుట్టు మీద కత్తెర పడింది. చేయి వణికింది. ఒక పక్క జుట్టంతా చెవి దాకా పోయింది. అద్దంలో చూస్తే నా తల మేక మేసిన మడిలా ఉంది. అక్కడికి ఈయన ఆగిపోయారు. నాకు నిజంగా భయం వేసింది, జుట్టు గురించి కాదు.

"వంకరగా వస్తోందే," అన్నారు.

"రానివ్వండి. సగంలో మాత్రం వదలకండి."

ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, రెండో పక్క మొదలుపెట్టారు. గంట పట్టింది. చేయి చివరిదాకా వణుకుతూనే ఉంది, అయినా ఆపలేదు. మెడ మీద వెంట్రుకలు దులిపి, పౌడరు అద్ది, గుడ్డ తీశారు.

"అయిపోయింది నాన్నగారూ," అన్నారు.

మామగారి తరఫున నేనే తల ఊపాను.